అవురుపల్లి ప్రొద్దుల చిట్టా

రోజుకు గంటలు 24. దొరకైనను, కూలికైనను అంతే. అయితే ఆ గంటలను తన ఇష్టప్రకారము వాడుకొనగలవాడు ఎవడు? ఈ ప్రశ్నకు జవాబు వెదకిన చోట్లలో ఒకటి మా ఇబ్రహీంపట్నమునకు దక్షిణాన మాడ్గుల మండలములోనున్న అవురుపల్లి. 2016 వరకు అది మహబూబ్‌నగరు జిల్లాలోనిది. ఇప్పుడు రంగారెడ్డి జిల్లాలోనిది. అర్థశాస్త్రజ్ఞులు దీనిని 'ఔరేపల్లె' అని వ్రాయుదురు.

పటాన్‌చెరువులో 1972లో నెలకొన్న ఇక్రిశాట్ పరిశోధన సంస్థ 1975లో ఆరు మెట్ట గ్రామాలను ఎన్నుకొన్నది. ఒక్కొక్క ఊర 40 కుటుంబాలు: భూమిలేని కూలీలు, చిన్న, మధ్యరకపు, పెద్ద రైతులు పదేసి. పరిశోధకుడు ఊళ్లోనే కాపురముండి, మూడు నాలుగు వారాలకొకమారు ఇల్లిల్లు తిరిగి, ఎవరు ఎన్నాళ్లు సొంతచేలో పనిచేసిరి, ఎన్నాళ్లు కూలికి పోయిరి అని చిట్టా వ్రాసెను. పదేండ్లు ఇట్లు సాగినది. ఆకర్షణలేని పనియే, కాని విజ్ఞానశాస్త్రములో సగము ఇట్టి ఓపికయే గదా!

పంట పోయినచో ఏమగును? ఊహించిన అంకెలతో ఒక చిన్న లెక్క వేయుదము. రెండు ఇండ్లకు చెరి 6,000 రూపాయల నష్టము వచ్చినదనుకొనుడు. తాకట్టుకు పొలమున్న రైతు అప్పు తెచ్చుకొనును. అతని దినచర్య మారదు. అప్పు పుట్టనివానికి మిగిలినది రెక్కల కష్టమే. దినకూలి 300 అయినచో 20 దినములు అదనముగా పనిచేయవలెను. ఆ దినములు ఎచ్చటినుండి వచ్చును? సొంతచేని కలుపు పనినుండి, చుట్టాల పెండ్లినుండి, పిల్లల బడినుండి.

చిట్టాలు చెప్పినదియు ఇదియే. పంట దెబ్బతిన్నప్పుడు కుటుంబాలు బయటి పనిగంటలు పెంచి తిండి నిలుపుకొనుచున్నవని 1999లో అంజినీ కోచర్ చూపిరి. అంతకు రెండేండ్ల ముందే జాకబీ, స్కూఫియాస్ అనువారు ఆదాయపు ఒడుదుడుకులతో పిల్లల హాజరు కూడ కదలుచున్నదని కనుగొనిరి. హాజరుపట్టీలో ఖాళీగడి చూచినప్పుడెల్ల నాకిది జ్ఞప్తికి వచ్చుచుండును.

మరి ఇరుగుపొరుగు ఆదుకొనరా? ఆదుకొందురు. ఒక్క ఇంటి ఆదాయము పడినంతమాత్రాన ఆ ఇంటి తిండి అంతగా పడిపోదని 1994లో రాబర్ట్ టౌన్సెండ్ తేల్చెను. అయితే అతడు చూచిన మూడు ఊళ్లలో ఒకదాన భూమిలేనివారికి ఈ రక్షణ తక్కువ. 2012లో మట్సోకో, సైనీ మరింత నిశితముగా పరిశీలించిరి. నష్టమును పంచుకొనుట కులములోపల చక్కగా సాగుచున్నది. ఊరంతటికిని అట్లు సాగుటలేదు. ఒక కులమున ఇంచుమించు అందరును కూలీలే అయినచో, కరవునాడు ఎవరు ఎవరికి ఎరువియ్యగలరు?

ఆ గ్రామాలలో 2001లో చిట్టాలు మరల తెరచిరి.