గెరారులో శారా, అప్పాపురంలో మేరీ

గెరారు చేరిన అబ్రాహాముకు ప్రాణభయం పట్టుకుంది. భార్య శారాను చెల్లెలని చెప్పాడు. ఆ మాట నమ్మి రాజు అబీమెలెకు ఆమెను తన ఇంటికి పిలిపించుకున్నాడు. తెనాలి, బాపట్ల, రేపల్లె చర్చిల్లో ఆదివారం బడికి వెళ్లిన పిల్లలకు ఈ ఆదికాండపు కథ కొత్త కాదు. దాన్ని తిరగేసి చూస్తే నాకు ‘మిస్సమ్మ’ సినిమా కనిపిస్తుంది. అక్కడ ఉన్న పెళ్లిని దాచారు; ఇక్కడ లేని పెళ్లిని ఉందన్నారు.

‘మిస్సమ్మ’ రాసిన చక్రపాణి ఈ కథను బైబిలు నుంచి తీసుకోలేదు. తెనాలిలో పుట్టిన ఈ ఆలూరి వెంకట సుబ్బారావు బెంగాలీ నేర్చి ఆ భాషా రచయిత శరత్‌ను తెలుగు చేసినవాడు. రవీంద్రనాథ్ మైత్ర నాటకం ‘మాన్మొయీ గర్ల్స్ స్కూల్’ను మన పల్లెకు తెచ్చాడు. భార్యాభర్తలైన బి.ఏ.లకే బడిలో ఉద్యోగమంటాడు జమీందారు. కూటి కోసం క్రైస్తవుల పిల్ల మేరీ, హిందువుల కుర్రాడు ఎం.టి.రావు దంపతులమని చెప్పుకొని అప్పాపురంలో దిగుతారు. ఎల్.వి. ప్రసాద్ దర్శకత్వంలో 1955 సంక్రాంతికి వచ్చిన ఆ సినిమాలో మతం పేరిట ఒక్క పరుషమైన మాట లేకుండానే జనం కడుపుబ్బ నవ్వారు. అంత మర్యాదైన హాస్యం మనకు మళ్లీ దొరకలేదని నా నమ్మకం.

మేరీ వేషం మొదట భానుమతిది. కొంత షూటింగ్ అయ్యాక చక్రపాణితో మాటపట్టింపు వచ్చి ఆమె తప్పుకుంది. తర్వాత జమున వేసిన చిన్న వేషానికి మొదట అనుకున్న సావిత్రికి మేరీ దక్కింది. మూతి ముడుచుకుని, చిరాకుపడి, చివరికి మెత్తబడే ఆ పిల్లను ఇప్పుడు చూస్తుంటే గుండె బరువెక్కుతుంది. తమిళంలో అదే కథ ‘మిస్సియమ్మ’. అందులో సావిత్రికి దొంగమొగుడు జెమినీ గణేశన్. కెమెరా ముందు ఉత్తుత్తి కాపురం చేస్తున్న ఆ ఇద్దరికీ నిజంగానే పెళ్లయింది, 1952లోనే. ఆయనకు అప్పటికే ఇల్లాలుంది. అందుకే ఆ పెళ్లి లోకానికి తెలియలేదు. గుంటూరు జిల్లా చిర్రావూరు పిల్ల గెరారులో శారాలా బతికింది.

మేరీ అబద్ధం కాపురమై నిలిచింది. సావిత్రి నిజం నిలవలేదు. భర్త దూరమయ్యాడు. 1968లో ఎక్కువమంది ఆడవాళ్లను సాంకేతిక నిపుణులుగా కూర్చి తీసిన ‘చిన్నారి పాపలు’ నష్టం తెచ్చింది. ‘మూగమనసులు’ను తమిళంలో ‘ప్రాప్తం’గా తీస్తే 1971లో అదీ ముంచేసింది. పన్ను బకాయిలకు ఆస్తులు పోయాయి, మందు అలవాటు ముదిరింది. అడిగినవాళ్లకు లేదనకుండా ఇచ్చిన చెయ్యి చిన్న వేషాల కోసం చాచాల్సి వచ్చింది. తాగుడు గురించి చెప్పుకున్నంతగా ఆమె ధైర్యం గురించి మనం చెప్పుకోలేదు. ఆ రోజుల్లో ఒక నటి మెగాఫోన్ పట్టుకోవడం, సొంత డబ్బు ఒడ్డడం ఎంత సాహసం!

శారా విషయంలో దేవుడు రాజు కలలోకి వచ్చి, ఆమెను మగడికి అప్పగించమని హెచ్చరించాడు. సావిత్రి కోసం ఎవరి కలలోకీ ఎవరూ రాలేదు. 1980లో బెంగళూరులో స్పృహ తప్పింది. ఏడాదిన్నర పైగా కోమాలో ఉండి 1981 డిసెంబర్ 26న మద్రాసులో కన్నుమూసింది. అప్పటికి ఆమెకు యాభై ఏళ్లు కూడా నిండలేదు.