పట్టణము విడిచినవారి చరిత్రము

పట్టణమున విద్య నేర్చి, ఉద్యోగము చేసి, నడివయసు వచ్చునప్పటికి ‘ఇక చాలును, ఎక్కడనైన నాలుగు చెట్లనీడను కాలము గడుపుదము’ అని తలపోయుట మానవజాతికి క్రొత్త కోరిక కాదు. హైదరాబాదు, విజయవాడ, విశాఖపట్టణము మొదలగు నగరముల చుట్టును నేడు విద్యావంతులు కొంత భూమి కొని, కంచె వేసి, చిన్న యిల్లు కట్టుకొని, మామిడి కొబ్బరి మొక్కలు నాటి, పల్లెకు తరలిపోవుటకు యత్నించుచున్నారు. ఈ కోరికను మేము నిందింపము. ధూళియు, రొదయు, అద్దెయు, పరుగును మనుష్యుని నలగగొట్టుచుండగా అతడు పచ్చని చేనివంక చూచుట సహజమే. కాని కోరిక సహజమైనంతమాత్రమున దాని ఫలము మంచిదే యగునని చెప్పజాలము. పట్టణము విడిచినవారు చరిత్రయందు పెక్కండ్రు కలరు. వారు చేరినచోట నీళ్లెవరు మోసిరి, పాకీపని యెవరు చేసిరి, పొయ్యి యెవరు ఊదిరి అని విచారించినచో, ఏది జీవితమున మార్పో, ఏది కేవలము బసమార్పో తేటపడగలదు. ఆ విచారణకే ఈ వ్యాసము నుద్దేశించితిమి.

వానప్రస్థము మనకు కలదు కదా యని కొంద రనవచ్చును. ఒడలు ముడుతలు పడి, తల నెరసి, మనుమని మొగము చూచిన గృహస్థుడు వనమునకు పోవలెనని మనుస్మృతి విధించుచున్నది. కాని యట్టివాడు గ్రామ్యాహారమును, గృహసామగ్రిని విడువవలెను. వానప్రస్థుడు పట్టణమునుండి పల్లెకు పోవువాడు కాడు, రెంటిని విడుచువాడు. పొలము కొనుటకును ఆ యాశ్రమమునకును సంబంధము లేదు. భార్యను కొడుకుల కప్పగించియైనను, వెంటబెట్టుకొనియైనను పోవచ్చునని ఆ స్మృతియే చెప్పుచున్నది గాని, ఆమె యిష్ట మేమని అడుగుట లేదు. ఈ సంగతిని మన సోదరీమణులు గమనింతురు గాక.

నేటి తోటయింటికి సరియైన పూర్వులను వెదకినచో రోము నగరమున దొరకుదురు. హోరేసు కవికి మిసీనసు అను ధనికుని దయవలన సబైను కొండలలో పొలము లభించెను. ఆ పల్లెబ్రతుకును పొగడుచు అతడు చెప్పిన కవిత్వము రెండువేల యేండ్లు నిలిచినది. కాని అతని సొంత పద్యములవలననే ఆ పొలమున ఎనమండుగురు బానిసలు పాటుపడుచుండిరనియు, ఐదు కుటుంబముల కౌలుదార్లు కాపురముండిరనియు తెలియుచున్నది. చిన్న ప్లినీ యనునతడు రోమునకు పదునేడు మైళ్ల దూరమున సముద్రతీరమందు గల తన భవనమును మిత్రునికి వర్ణించి వ్రాసెను. స్నానశాలలు, భోజనశాలలు, ఎండ తగులు గదులు, నీడ తగులు గదులు వరుసగా వర్ణించుచు నడుమ బానిసల గదులనుగూడ పేర్కొనెను. పట్టణమున అతని కెవరు సేవచేయుచుండిరో పల్లెయందును అట్టివారే చేసిరి. దీనిని బసమార్పు అనవలసినదే.

దీనికి మారుగా మేము దక్షిణాఫ్రికాలోని రెండు వసతులను చూపదలచినాము. మొదటిది 1904లో నేటాలు సీమలో ఏర్పడిన ఫీనిక్సు. రెండవది 1910లో ట్రాన్సువాలు సీమలో ఏర్పడిన టాల్‌స్టాయి క్షేత్రము. రెంటిని నడపినవారు గాంధీగారు. అచటి భూమితో మన తెలుగువారికి గల సంబంధమును ముందుగా చెప్పవలసియున్నది. 1860 నవంబరు 16వ తేదీని ‘ట్రూరో’ అను ఓడ చెన్నపట్టణమునుండి డర్బను రేవు చేరెను. చెరకుతోటలలో పనిచేయుటకు ఒప్పందము వ్రాసి యిచ్చిన కూలీలు అందులో వచ్చిరి. అది మొదలు 1911 వరకు సుమారు 1,52,000 మంది భారతీయులు ఆ విధముగా నేటాలునకు చేరిరి. తమిళులతోపాటు విశాఖపట్టణము, గోదావరి, ఉత్తర ఆర్కాటు మండలముల తెలుగువారును వారిలో కలరు. ఒప్పందము ఐదేండ్లు, మొదటి యేట జీతము తిండిగాక నెలకు పది షిల్లింగులు. గడువు తీరిన పిదప మరల ఒప్పందము వ్రాయక ఆ దేశముననే నిలువగోరువాడు ఏటేట మూడు పౌనులు పన్ను కట్టవలెనని 1895లో చట్టము చేసిరి. అనగా మొదటి యేటి జీతములో ఆరు నెలల సొమ్ము. భార్యకును, ఎదిగిన పిల్లలకును ఈ పన్ను వేరుగా తగులుచుండెను. మట్టిలో పనిచేయుట వీరికి కోరి తెచ్చుకొన్న జీవితము కాదు. కాగితముపై వ్రేలిముద్ర వేయించి తగిలించిన బంధము.

ఈ స్థితిలో 1904లో జొహాన్నెస్‌బర్గునుండి డర్బనునకు రైలెక్కుచున్న గాంధీగారి చేతిలో పోలాకు అను మిత్రుడు ఒక పుస్తకము పెట్టెను. అది ఆంగ్లేయ రచయిత రస్కిను 1860లో ప్రకటించిన ‘అన్‌టు దిస్ లాస్ట్’. అందరి మేలునందే ఒక్కని మేలు గలదనియు, న్యాయవాది పనికిని మంగలిపనికిని విలువ సమానమనియు, భూమి దున్నువాని బ్రతుకును చేతిపనివాని బ్రతుకును జీవింపదగిన బ్రతుకులనియు గాంధీగారు అందుండి గ్రహించిరి. మొదటిది తమకు తెలిసినదే యనియు, రెండవది మసకగా తోచుచుండెననియు, మూడవది మాత్రము అంతకుముందు తమకు తట్టనేలేదనియు వారు తమ ఆత్మకథలో చెప్పుకొనిరి. పుస్తకము చదివి మెచ్చుకొని అరలో పెట్టుట విద్యావంతుల వాడుక. వారు కొలది దినములలోనే డర్బనునకు పదునాలుగు మైళ్ల దూరమున, ఫీనిక్సు రైలుస్టేషనునకు రెండున్నర మైళ్లలో, నూరెకరముల భూమిని వెయ్యి పౌనులకు కొనిరి. అందొక చిన్న ఊటయు, కొన్ని నారింజ, మామిడి చెట్లును, పాడుపడిన కుటీరమును ఉండెను. గడ్డి దట్టముగా పెరిగి పాములకు నిలయమైయుండెను. డర్బను వర్తకుడు పారసీ రుస్తుంజీగారు ఒక పెద్ద గిడ్డంగికి చెందిన పాత ఇనుపరేకులను, సామగ్రిని ఇచ్చిరి. నెలలోపల అచ్చుకూటమునకు డెబ్బదియైదడుగుల పొడవు, ఏబదియడుగుల వెడల్పు గల పాక లేచినది. ‘ఇండియన్ ఒపీనియన్’ పత్రిక అచటికి తరలెను. పనిచేయువారికి జాతిభేదము, పనిభేదము లేక నెలకు మూడు పౌనుల భత్యమును, తలకు మూడెకరముల నేలయు ఏర్పాటైనవి. చెరకుతోట వదలినవాడు ఏటికొకసారి పన్నుగా కట్టు మొత్తమే యిచట ఒకని నెల భత్యము! ఒకే మొత్తము ఒకరికి స్వచ్ఛంద నియమము, ఒకరికి దండుగ. ఈ భేదమును మరచినవారు పల్లెజీవితమును గూర్చి ఎంత వ్రాసినను వ్యర్థమే.

మొదటి సంచిక అచ్చైన రాత్రి చమురుయంత్రము నడువలేదు. చేతితో త్రిప్పు చక్రమొకటి యుండెను గాని దానికి నలుగురు కావలెను, పనివారందరును అలసిపోయిరి. అక్కడనే నిద్రించుచున్న వడ్రంగులను లేపి సాయమడుగగా వారు సంతోషముతో లేచి చేయి కలిపిరి. తెల్లవారి యేడుగంటలవరకు చక్రమును త్రిప్పిరి. అంతట యంత్రము నడిచినది. తరువాత ఒకానొక కాలమున ఫీనిక్సువాసులు ఆ యంత్రమును బుద్ధిపూర్వకముగనే విడిచి చేతిబలముతో పత్రికను అచ్చువేసిరి. ఆ దినములే ఫీనిక్సునకు ఉత్తమమైనవని గాంధీగారి యభిప్రాయము. అయినను ఒక సంగతి దాచరాదు. ఫీనిక్సును స్థాపించినవారే అచట నిలువలేకపోయిరి. న్యాయవాదవృత్తిని క్రమముగా విడిచి మట్టిపనిచే జీవింపవలెనని వారు కోరిరి గాని, పని పిలువగా జొహాన్నెస్‌బర్గునకు మరలిపోవలసివచ్చెను. పట్టణపు సంపాదన పల్లెవసతిని పోషించుట నాడును కలదు, నేడును కలదు. దీనిని దాచి ‘మా తోటయే మమ్ము పోషించుచున్నది’ అని చెప్పుకొనుటలోనే అసత్యము గలదు.

టాల్‌స్టాయి క్షేత్రము వేరొక యవసరమునుండి పుట్టినది. ట్రాన్సువాలులో సత్యాగ్రహులు చెరసాలకు పోవుచుండగా వారి కుటుంబములను పోషించుట భారమయ్యెను. ఇంటింటికి నెలనెల సొమ్ము పంచుటకన్న అందరిని ఒకచోట చేర్చి పనిలో పెట్టుట మేలని తోచెను. కాలెన్‌బాకు అను జర్మను యూదుడు గృహనిర్మాణశాస్త్రమున నిపుణుడు. ఆయన 1910 మే నెలలో సుమారు 1100 ఎకరముల క్షేత్రమును కొని, అద్దె లేకుండ సత్యాగ్రహుల కిచ్చి, తానును వారితో నివసించెను. జొహాన్నెస్‌బర్గునకు అది 21 మైళ్లు. గుజరాతీలు, తమిళులు, ఆంధ్రులు, ఉత్తరదేశస్థులు. మతముచే హిందువులు, మహమ్మదీయులు, పారసీలు, క్రైస్తవులు అచట చేరిరి. నౌకరులు లేరు. ఊట ఇండ్లకు ఐదువందల గజముల దూరమున నుండుటచే నీళ్లు కావళ్లతో తెచ్చుకొనిరి. పిండి చేతితో విసరుకొనిరి. సొంతపనికై నగరమునకు పోవువాడు కాలినడకను పోవలెనని నియమము. రాత్రి రెండుగంటలకు లేచి బయలుదేరుచుండిరి. మేరియన్‌హిల్ మఠములోని సన్యాసులవద్ద చెప్పులు కుట్టుట నేర్చి వచ్చిన కాలెన్‌బాకువలన గాంధీగారును, వారివలన ఇతరులును నేర్చిరి. మలమును గోతులలో మట్టితో కప్పి ఎరువు చేసిరి, పాకీపని అందరిది. మన దేశమున ఒక కులమువారిని ఊరి వెలుపల నిలిపి చేయించిన పనులు రెండును, అనగా తోలుపనియు పాకీపనియు, ఆ క్షేత్రమున న్యాయవాదియు శిల్పియు స్వహస్తములతో చేసిరి. పట్టణము విడుచుటకన్న ఇది విడుచుట కష్టము.

స్త్రీల సంగతి యేమని మన పాఠకు లడుగుదురు. వంటయిల్లు అచటను స్త్రీల వశముననే యుండెను. సాయమునకు ఒకరిద్దరు పురుషులను నియమించిరి. కావున భారము సమముగా పంచబడెనని చెప్పలేము. కాని ఇంటికొక పొయ్యి పోయి అందరికి ఒకే పొయ్యి ఏర్పడినది. నియమితవేళలకు నిరాడంబరమైన భోజనము. ఎవరి పాత్రలు వారే కడుగుకొనవలెను. నేడు తోటయింటికి తరలు గృహస్థుడు వంటగ్యాసు, కుళాయినీరు, పనిమనిషి, పిల్లల బడి, వైద్యుడు దూరమగుటవలన కలుగు శ్రమ యెవరి నెత్తిన పడునో లెక్కవేసికొనెనా? పక్షుల పాట వినుటకు అరుగుపై కూర్చుండువా డొకడు, లోపల గిన్నెలతో పెనగులాడునది వేరొకతె యైనచో ఆ తరలుట ఒక్కరికే విశ్రాంతి.

ఈ వసతులు లోకమునకు వెన్నుచూపి దాగుకొన్నవి కావు. 1913లో టాల్‌స్టాయి క్షేత్రమువారు ఫీనిక్సునకు తరలిరి. ఆ సెప్టెంబరులో కస్తూరిబాయితో గూడ పదునాఱుగురు ఫీనిక్సునుండి బయలుదేరి, అనుమతిపత్రము లేక ట్రాన్సువాలు సరిహద్దు దాటి చెరసాలకు పోయిరి. పిమ్మట న్యూకాసిలు బొగ్గుగనుల కూలీలు పని మానిరి. నవంబరు 6వ తేదీని 2,037 మంది పురుషులు, 127 మంది స్త్రీలు, 57 మంది పిల్లలు కాలినడకను సరిహద్దువైపు సాగిరి. చెరకుతోటలకును సమ్మె వ్యాపించినది. 1914లో మూడుపౌనుల పన్ను రద్దయ్యెను. కోరి మట్టిపని చేసినవారును, బంధింపబడి మట్టిపని చేసినవారును ఒక్కటిగా నిలిచినందున ఈ ఫలము కలిగినది.

ఇంత చెప్పి ఇంకొక సంగతి విడుచుట న్యాయము కాదు. భారతీయులు కొనగలిగిన ఆ నేల జూలూ జాతివారి సీమలోనిది. ఫీనిక్సునకు పొరుగుననే జాన్ డూబె అను ఆఫ్రికా విద్వాంసుడు తన జాతిపిల్లలకై ఓలాంగె విద్యాలయమును అంతకుముందే నెలకొల్పియుండెను. 1913లోనే ఆ ప్రభుత్వము చట్టము చేసి, దేశమందలి భూమిలో నూటికి ఏడువంతులు తప్ప తక్కినదానిని ఆఫ్రికనులు కొనరాదని శాసించెను. 1985 ఆగస్టులో ఆ ప్రాంతమున చెలరేగిన అల్లర్లలో ఫీనిక్సు వసతి దగ్ధమయ్యెను. తరువాత మరల కట్టబడి 2000లో తెరువబడినది. మనము కొను నేల యెవరిది, మనకంటె ముందు దానిపై నెవరు బ్రతికిరి, వారి కిప్పుడేమి మిగిలినది అను ప్రశ్న దక్షిణాఫ్రికాకు మాత్రమే చెందినది కాదు. నగరముల చుట్టును పొలము లమ్ముకొన్న రైతు ఆ పొలమునకే కావలివాడై నిలుచుట మన కన్నుల ముందటి విషయము.

ఆ వెలుగు మన తెలుగునేలకును సోకినది. 1921 ఏప్రిలు 7వ తేదీని నెల్లూరు చేరువను, పెన్న యొడ్డున, పల్లిపాడులో పినాకినీ సత్యాగ్రహాశ్రమమును గాంధీగారు ప్రారంభించిరి. దిగుమర్తి హనుమంతరావుగారును, చతుర్వేదుల కృష్ణయ్యగారును దాని స్థాపకులు. ఆశ్రమ భవనమునకు ధనమిచ్చినవారు పారసీ రుస్తుంజీగారే. పదునేడేండ్ల క్రిందట ఫీనిక్సునకు పాతరేకు లిచ్చిన చేయి పెన్న యొడ్డునకును చాచబడినది. విద్యావంతులు అచటికి పోయి రాట్నము త్రిప్పిరి, అస్పృశ్యతను నిర్మూలింప పాటుపడిరి. పల్లెను చూచుటకు గాక పల్లెతో కలియుటకు పోయిరి.

పల్లెకు పోదలచిన మిత్రులను మేము వారింపము; పొండని చెప్పుదుము. నీరు చేదుట, ఊడ్చుట, ఎరువు మోయుట వీనిలో కొంతయైన స్వహస్తములతో చేయుదురు గాక. ఇల్లాలి సమ్మతిని ముందుగా అడిగి, ఆమె పనిలో పాలు పంచుకొందురు గాక. కంచెకు ఆవలనున్న వారిని కూలీలుగా మాత్రమే గాక పొరుగువారిగా ఎరిగి, వారి పిల్లలు చదువు బడికే తమ పిల్లలను పంపి, ఆ బడి బాగునకు పూనుకొందురు గాక. చదువుకొన్నవాని రాకవలన ఊరి బడికిని, బావికిని, వీధికిని మేలు కలిగినపుడే అతడు పల్లెకు వచ్చెనని ఆ యూరివారు చెప్పుకొందురు. అట్లు కానినాడు ఊరి పొలిమేరలో ఇంకొక పట్టణపు గోడ లేచెనని మాత్రమే వారికి తెలియును.