లేని రంగుల చరిత్ర

హెన్రీ ఫోర్డ్ నలుపు రంగు గురించి అన్న మాట తెలియనివాళ్ళు తక్కువ. కొనేవాడి ఇష్టాన్ని లెక్కచెయ్యని మొండి వ్యాపారికి గుర్తుగా దాన్ని ఇప్పటికీ వాడుతుంటారు. ఆ మాట తాను 1909లోనే అన్నానని ఫోర్డ్ 1922లో వచ్చిన ఆత్మకథలో చెప్పుకున్నాడు. తమాషా ఏమిటంటే, 1909లో ఆయన అమ్మిన మోడల్ టీ కార్లకు ఎరుపు, ఆకుపచ్చ, బూడిద లాంటి రంగులుండేవి. లేనిది నలుపే. నలుపు తప్ప వేరే రంగు లేదనే కాలం 1914లో మొదలై 1925 దాకా నడిచింది.

ఈ పాత సంగతి ఇప్పుడెందుకంటే, కొండలూ గుట్టలూ ఎక్కే కొత్త బండి ఏది మార్కెట్లోకి వచ్చినా మొదటి వారంలోనే ఒక గొడవ మొదలవుతుంది. ఇంజన్ బాగుంది, చూడ్డానికి బాగుంది, మరి రంగులు ఇన్నేనా? ఇరవై లక్షలు పోస్తున్నవాడికి నచ్చిన రంగు ఇవ్వలేరా? దీన్ని డబ్బున్నవాళ్ళ గారాబం అని కొట్టిపారేసేవాళ్ళున్నారు. నాకలా అనిపించదు. బండికి ఒక రంగు లేకపోవడం వెనక ఎప్పుడూ ఏదో ఒక కారణం ఉంటూ వచ్చింది. కాలాన్ని బట్టి ఆ కారణం మారింది. దాన్ని వెతుక్కుంటూ వెళ్తే ఇప్పటి కోపం ఎక్కడినుంచి వస్తోందో కొంత తెలుస్తుంది.

ముందు ఫోర్డ్ సంగతి. 1913 అక్టోబర్‌లో డెట్రాయిట్ పక్కనున్న హైలాండ్ పార్క్ ఫ్యాక్టరీలో కదిలే అసెంబ్లీ లైను మొదలైంది. అంతకుముందు ఒక్కో ఛాసిస్ బిగించడానికి పన్నెండు గంటలు పట్టేది. కొద్ది నెలల్లో అది గంటన్నరకి దిగింది. బండి గంటన్నరలో తయారైపోతుంటే రంగుకి మాత్రం అప్పటికింకా గుర్రబ్బళ్ళ కాలపు పద్ధతే. పూత మీద పూత, ఆపైన వార్నిష్, ఆరడానికి రోజులూ వారాలూ. ఆరేదాకా బండ్లను ఎక్కడో ఒకచోట నిలబెట్టాలి. తారు కలిసిన నల్ల ఎనామెల్ అయితే చవక, గట్టిది, వేడిగదుల్లో కాల్చి ఆరబెట్టొచ్చు. పైగా ఒక్కటే రంగైతే ఏ డోరైనా ఏ బండికైనా సరిపోతుంది. లైను ఆగదు.

ఇక్కడ మనం మర్చిపోయే సగం ఒకటుంది. 1908లో 850 డాలర్లున్న మోడల్ టీ 1925 నాటికి 300 డాలర్ల లోపుకి వచ్చేసింది. రంగు పోయింది, రేటు తగ్గింది. రైతు, బడిపంతులు, ఫ్యాక్టరీ కార్మికుడు కారు కొన్నారు. వాళ్ళు ఏం వదులుకున్నారో వాళ్ళకి తెలుసు, బదులుగా ఏం దక్కిందో కూడా తెలుసు. అది బేరం. నచ్చకపోవచ్చు గానీ మోసం లేదు.

ఆ బేరాన్ని చెడగొట్టింది కెమిస్ట్రీ. డ్యూపాంట్ కంపెనీ డ్యూకో అనే లక్కర్ తయారుచేసింది. రోజుల తరబడి ఆరే రంగు గంటల్లో ఆరడం మొదలైంది. జనరల్ మోటార్స్ దాన్ని 1924 మోడల్ ఓక్లాండ్ కార్ల మీద నీలంరంగులో వాడింది. ఆ కంపెనీ అధిపతి ఆల్ఫ్రెడ్ స్లోన్ కారుని అవసరంగా కాక హోదాగా, ఏటేటా మారే ఫ్యాషన్‌గా అమ్మడం నేర్చుకున్నాడు. 1926 మోడళ్ళతో ఫోర్డ్ కూడా రంగులు తిరిగి తెచ్చాడు. అప్పటికే ఆలస్యమైంది. కోటిన్నర బండ్లు అమ్మిన మోడల్ టీ 1927లో ఆగిపోయింది.

జీపు కథ దీనికి పూర్తిగా వేరు. దాని రంగు కొనేవాడిని మెప్పించడానికి పుట్టలేదు, శత్రువుకి కనబడకుండా ఉండడానికి పుట్టింది. రెండో ప్రపంచయుద్ధంలో విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు కలిసి ఆరు లక్షలకు పైగా జీపులు తయారుచేశాయి. అన్నిటికీ మట్టి కలిసిన ఆకుపచ్చే. నాకు నీలం జీపు కావాలని అడిగిన సైనికుడు ఉండి ఉండడు. యుద్ధం అయ్యాక 1945లో విల్లీస్ సీజే-2ఏ పేరుతో మామూలు జనానికి జీపు అమ్మడం మొదలుపెట్టింది. మొదట్లో రంగులు రెండే. వాటి పేర్లు పాస్చర్ గ్రీన్, హార్వెస్ట్ టాన్. ఒకటి పశువులు మేసే బీడు, ఇంకోటి కోతకొచ్చిన పైరు. కొనేవాడు రైతు అని కంపెనీ అనుకుంటోందని ఆ రెండు పేర్లే చెప్తాయి. రంగుల పట్టిక ఎప్పుడూ ఇలాంటిదే. కంపెనీ ఊహలో ఉన్న మనిషి ముఖం అందులో కనిపిస్తుంది.

1948లో ఆమ్‌స్టర్‌డామ్ మోటార్ షోలో తొలిసారి కనిపించిన ల్యాండ్ రోవర్‌కి అంత ఊహ కూడా అక్కర్లేకపోయింది. బ్రిటన్‌లో ఉక్కు మీద రేషన్ ఉంది కాబట్టి బాడీ అల్యూమినియంతో చేశారు. రంగు? యుద్ధవిమానాల కాక్‌పిట్‌లకి వెయ్యగా మిగిలిపోయిన లేత ఆకుపచ్చ ఉంది, అదే వేశారు. ఏది మిగిలితే అదే రంగు. అప్పుడు కొన్నవాడికి బండి దొరకడమే గొప్ప.

మన దేశంలో స్వాతంత్ర్యం వచ్చిన కొత్తలోనే మహీంద్రా వాళ్ళు విల్లీస్ జీపులు బిగించడం మొదలుపెట్టారు. మా తరం చిన్నప్పుడు ఊళ్ళోకి జీపు వచ్చిందంటే పోలీసులో, ఎమ్మార్వోనో, మైకు కట్టుకున్న ఎన్నికల పార్టీనో అయ్యుండేది. లేదా లోపల పట్టనివాళ్ళు వెనక వేలాడుతూ వెళ్ళే సర్వీసు జీపు. దాని రంగేమిటని ఎవరూ అడగలేదు. జీపు ఒకరి సొంత వస్తువులా ఉండేది కాదు. ప్రభుత్వానిదో, ఊరందరిదో అన్నట్టుండేది.

అందుకే మన దగ్గర ఒక విచిత్రం ఉంది. జీపుకి పుట్టుకతో వచ్చిన ఆ సైన్యపు పచ్చని ఇక్కడ ఎవరూ కొనలేరు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 121వది రక్షణ శాఖ వాహనాలకు తప్ప ఆలివ్ గ్రీన్ వెయ్యకూడదంటుంది. కంపెనీలు ముదురు అడవి పచ్చ ఇవ్వగలవు, బూడిద కలిసిన పచ్చ ఇవ్వగలవు, ఆ గీత దాటలేవు. అయినా దీని మీద పెద్దగా ఫిర్యాదులు వినపడవు. ఎందుకంటే ఆ "కుదరదు"కి కారణం ఉంది. సైన్యం బండిని చూడగానే సైన్యం బండి అని తెలియాలి. ఒప్పుకుంటాం.

2020 అక్టోబర్‌లో కొత్త థార్ ఆరు రంగుల్లో వచ్చింది. మన దేశంలో అందరూ ఎగబడి కొనే తెలుపు అందులో లేదు. 2023 జనవరిలో వెనక చక్రాల డ్రైవ్ మోడల్‌తో పాటు తెలుపొచ్చింది. మరి ఈ రెండేళ్ళూ అడ్డమేమిటి? తెలుపు ఆరడానికి వారాలు పట్టదు, తెలుపు మీద రేషన్ లేదు, చట్టం వద్దనలేదు.

నా వృత్తి అలవాటు కొద్దీ ఒక చిన్న లెక్క వేసుకున్నాను. ఏదో ఒక బండికి మూడు ట్రిమ్‌లు, రెండు ఇంజన్లు, రెండు గేర్‌బాక్సులు, ఆరు రంగులు అనుకోండి. మొత్తం 72 రకాలు. ఏడో రంగు కలిపితే 84. ఒక్క రంగుతో పన్నెండు కొత్త రకాలు! ప్రతి రకానికీ ఎన్ని తయారుచెయ్యాలో ముందే ఊహించాలి. బంపర్లు, అద్దాల తొడుగులు కూడా ఆ రంగుకి సరిపోవాలి. పెయింట్ షాపులో రంగు మార్చిన ప్రతిసారీ గొట్టాలు కడగాలి. ఇదంతా నిజమైన ఖర్చే. మేం కూడా సాఫ్ట్‌వేర్‌లో కొత్త ఆప్షన్ అడిగితే టెస్టింగ్ పేరు చెప్పి ఇలాగే తప్పించుకుంటాం కదా.

కానీ షోరూములో ఈ లెక్క ఎవరూ చెప్పరు. మా బావమరిది ఆ మధ్య ఇలాంటి బండే బుక్ చెయ్యబోయాడు. కంపెనీ పేరెందుకులెండి. నీలం అడిగితే అది టాప్ వేరియంట్‌లోనే వస్తుందన్నారు. ఒక రంగు కోసం లక్షకి పైగా ఎక్కువ. మామూలు వేరియంట్‌లో ఉన్న బూడిదకి అయిదు నెలలు ఆగమన్నారు. ఎరుపైతే రేపే తీసుకెళ్ళండి అన్నారు. "నాకు నచ్చింది నేను కొంటున్నానా, వాళ్ళ గోడౌన్ నేను ఖాళీ చేస్తున్నానా బావా?" అని అడిగాడు. ఆ ఒక్క ప్రశ్నలో వందేళ్ళ చరిత్ర తలకిందులైంది. ఫోర్డ్ రంగు తీసేసి రేటు తగ్గించాడు. ఇప్పుడు రంగు దాచిపెట్టి రేటు పెంచుతున్నారు.

ఇవ్వాలనుకుంటే ఇవ్వొచ్చని కూడా చూశాం. 2024 ఆగస్టులో థార్ రాక్స్ లోపలంతా దంతపు తెలుపు సీట్లతో వచ్చింది. బురదలో తిరగాల్సిన బండికి తెల్ల సీట్లా అని జనం మండిపడ్డారు. రెండు నెలలు తిరక్కముందే ఫోర్ బై ఫోర్ మోడళ్ళకి గోధుమరంగు సీట్ల ఆప్షన్ వచ్చింది. గట్టిగా అడిగితే కదిలిందంటే, మొదట చెప్పిన "లేదు" భౌతికశాస్త్రం చెప్పింది కాదన్నమాట.

అందుకే ఈ కోపాన్ని గారాబం అనుకోలేను. స్వేచ్ఛ, కొండలు, దారి లేనిచోట దారి అంటూ ప్రకటనలు చేసి అమ్మిన బండికి ఫారం మీద నాలుగు గడులిచ్చి ఒకదాంట్లో టిక్ పెట్టమంటే కోపం రాకుండా ఎలా ఉంటుంది? ఆ గడులు తక్కువుండడం తప్పు కాదు. కొన్నవాడు అడగాల్సింది ఈ రంగు ఎందుకు లేదని మాత్రమే కాదు, లేనందుకు నాకేం తగ్గింది అని కూడా. 1925లో నల్ల మోడల్ టీ కొన్నవాడికి ఆ జవాబు 550 డాలర్లకు పైగా జేబులోనే మిగిలింది.