ఆ గ్లాసులో కూల్-ఎయిడ్ లేదు

ఆఫీసు మీటింగుల్లో తరచూ వినబడే మాట ఒకటుంది: ‘హీ డ్రాంక్ ద కూల్-ఎయిడ్’. పైవాళ్ళు చెప్పిందల్లా గుడ్డిగా నమ్మేశాడని అర్థం. కొత్త ఫ్రేమ్‌వర్క్‌ని తెగ పొగిడే ఒక సహోద్యోగి గురించి నేనూ నవ్వుతూ ఈ మాట వాడాను. దాని వెనక కథ చదివాక మళ్ళీ నోరు రాలేదు.

1978 నవంబర్ 18. దక్షిణ అమెరికాలోని గయానా అడవుల మధ్య జోన్స్‌టౌన్. పీపుల్స్ టెంపుల్ అనే మతసంస్థ నాయకుడు జిమ్ జోన్స్ తన అనుచరుల్ని కాలిఫోర్నియా నుంచి అక్కడికి తరలించాడు. వాళ్ళలో ఎక్కువమంది నల్లజాతివాళ్ళు. జాతివివక్ష లేని చోట బతకొచ్చని ఆశపడి వెళ్ళారు. తీరా వెళ్ళాక పాస్‌పోర్టులు తీసేసుకున్నారు, తుపాకులతో కాపలా పెట్టారు. సామూహిక ఆత్మహత్యకి ‘రిహార్సల్స్’ కూడా చేయించారు.

పరిస్థితి చూడ్డానికొచ్చిన అమెరికన్ కాంగ్రెస్ సభ్యుడు లియో రయన్ తిరిగి విమానం ఎక్కబోతుంటే జోన్స్ మనుషులు కాల్చి చంపారు. ఆ సాయంత్రమే జోన్స్ అందర్నీ సమావేశపరిచాడు. ద్రాక్ష రుచి పానీయంలో సయనైడ్ కలిపారు. ముందు పసిపిల్లలకి, సిరంజిలతో నోట్లో పోశారు. జోన్స్‌టౌన్‌లో ఆ రోజు 909 మంది చనిపోయారు. వాళ్ళలో 300 మందికి పైగా పిల్లలు.

ఆ పానీయం ప్రధానంగా ఫ్లేవర్-ఎయిడ్ అనే వేరే బ్రాండుది. నానుడిలో పేరు తప్పు. అది చిన్న తప్పే. పెద్ద తప్పు ‘తాగాడు’ అన్న క్రియలో ఉంది. మాటలు కూడా రాని పిల్లలు దేన్ని నమ్మి తాగారు? చుట్టూ తుపాకులుంటే పెద్దవాళ్ళది మాత్రం ఇష్టమెలా అవుతుంది?

పైగా ఎదురుచెప్పినవాళ్ళు లేకపోలేదు. ఆనాటి సమావేశం టేపు దొరికింది. అందులో క్రిస్టీన్ మిల్లర్ అనే ఆవిడ జోన్స్‌తో నేరుగా వాదిస్తుంది. రష్యా వెళ్ళిపోవచ్చు కదా అని అడుగుతుంది. పసిబిడ్డలకి బతికే హక్కుందంటుంది. చుట్టూ ఉన్నవాళ్ళు అరిచి ఆమె నోరు మూయించారు. ఆమె కూడా అక్కడే చనిపోయింది.

మనం సరదాగా వాడే నానుడి ఆమెని కూడా ‘గుడ్డిగా నమ్మినవాళ్ళ’ లెక్కలో వేసేస్తుంది. ప్రాణాలతో బయటపడినవాళ్ళలో చాలామందికి ఈ మాట వింటేనే బాధ.

దాదాపు ఆ అర్థానికే మనకి ‘గొర్రెదాటు’ ఉంది. ఈమధ్య మీటింగుల్లో నేను అదే వాడుతున్నాను. పక్కనున్న తమిళ మిత్రుడు అదేంటని అడిగితే, ముందు జోన్స్‌టౌన్ గురించి చెప్పాల్సి వస్తోంది.