ఇరుసు కందెన నుండి ఇంజను ఆయిలు వరకు

కృష్ణా డెల్టా చరిత్ర యనిన వెంటనే మనకు ఆనకట్ట జ్ఞప్తికి వచ్చును. దానిని ఎవరు తలపెట్టిరి, ఎవరు కట్టిరి అను సంగతులు పెద్దలైన మీరు ఎరుగనివి కావు. కాని యొక కట్టడమును కట్టుట ఒకమారు జరుగు పని. దానిని నిలుపుకొనుట ఏటేట జరుగవలసిన పని. మొదటి పనికి శిలాఫలకములు ఉన్నవి. రెండవ పనికి లేవు. పేరు లేని ఆ రెండవ పనిని గూర్చియే నేను నాలుగు మాటలు చెప్పదలచితిని. అది కాలువగట్టు మీదను, బండి యిరుసు నొద్దను ఎట్లుండెనో, నేడు మన దొడ్లలో నిలిచియున్న చిన్న ట్రాక్టరు నొద్ద ఎట్లుండవలెనో చూతము.

1832-33 నాటి గుంటూరు కరవు, అనగా నందన నామ సంవత్సరపు కరవు, మన ముత్తాతల నోట చిరకాలము నిలిచిన కథ. ఆ కరవు తరువాతనే కృష్ణకు ఆనకట్ట కావలెనను మాట బలపడెను. ఆర్థరు కాటను దొర యాలోచన ననుసరించి, చార్లెస్ ఓర్ అను ఇంజనీరు చేతిమీదుగా 1852లో పని మొదలై 1855లో ముగిసెను. ఒకవైపు ఇంద్రకీలాద్రి, మరియొకవైపు సీతానగరపు కొండ. ఆ రెండు కొనల యందును, కాలువల మొగదల దగ్గర, ఇసుకను క్రిందికి త్రోసివేయు తూములను అమర్చిరి. ఏలయనగా కృష్ణ నీటిని మాత్రమే తెచ్చునది కాదు. ఇసుకను, ఒండ్రును కూడ మోసికొని వచ్చును. ఒండ్రు పొలమునకు బలమే. కాని కాలువ నోట పేరుకొన్నచో అదియే గొంతున పడిన ముద్ద యగును. నీటిని తెచ్చు ఏర్పాటుతో పాటు మడ్డిని వదిలించు ఏర్పాటును ఆలోచించుటయే ఆ ఇంజనీర్ల తెలివి.

తూములున్నంత మాత్రమున పని తీరలేదు. వేసవిలో కాలువలు కట్టివేసి పూడిక తీయుటయు, గట్లు పూడ్చుటయు మనకు ఆచారమైనవి. పొలము మీది చిన్న బోదెల పని ఎవరి ఆయకట్టు వారిదే. చెన్నపట్టణపు రాజధానిలో రైతులు తామే చేసికొను ఇట్టి పనిని కుడిమరామత్తు అనెడివారు. ఆ యలవాటు సడలుచుండగా, దానిని నిర్బంధముగా జరిపించుటకై 1858లో ఒక చట్టము చేసిరి. నిర్బంధపు పనిలో బరువంతయు బలము లేనివాని నెత్తినే పడుట లోకసహజము గదా! ఆ తరువాత 139 సంవత్సరములకు, 1997లో, ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము నీటి వినియోగదారుల సంఘములకై వేరొక చట్టము చేసెను. రెండింటిలోను కనబడునది ఒక్కటే చిక్కు: కట్టినదానిని కాపాడువారెవరు?

నందన నామ సంవత్సరమే మరల వచ్చిన 1952లో ఆ పాత ఆనకట్టకు గండి పడెను. దాని స్థానమున, ఆంధ్రకేసరి ప్రకాశము పంతులుగారి పేర 1957లో బారేజి వెలసెను. బారేజి తలుపులకును, గొలుసులకును, పండ్ల చక్రములకును నేటికిని కందెన పెట్టవలసినదే. ఇనుము ఎంత పెద్దదైనను రాపిడి రాపిడియే.

ఇక కందెన మాట. మన పెద్దల యెద్దుబండ్లను తలచుకొనుడు. వరిగడ్డి కాల్చిన మసిని ఆముదములో కలిపి చేసిన కందెనను వెదురు గొట్టములో పోసి బండి క్రింద వ్రేలగట్టెడివారు. ప్రయాణమునకు ముందు చీల తీసి, చక్రమును కొంచెము వెలుపలికి లాగి, ఇరుసునకు పూసి, మరల చీల వేయుట పాలేరుకును తెలియును, ఆసామికిని తెలియును, పదేండ్ల పిల్లవానికిని తెలియును. దానికై ఎవరును పట్టణమునకు పోలేదు. కీచుమను చక్రము ఆ యింటి అశ్రద్ధను ఊరంతటికి చాటెడిది.

ఆ ఆముదము యంత్రయుగములో మూలబడిపోలేదు. ఇంగ్లండులో వేక్‌ఫీల్డు కంపెనీవారు 1909లో తమ ఇంజను ఆయిలులో ఆముదము పాలు కలిపి దానికి క్యాస్ట్రాల్ అని పేరిడిరి. ఆంగ్లములో ఆముదమునకున్న పేరే అందు దాగియున్నది. మొదటి ప్రపంచయుద్ధమున విమానముల ఇంజనులలో ఆముదమునే వాడిరి. కావున ఇంజను ఆయిలు మనకు పరాయి వస్తువనుకొన నక్కరలేదు. అది మన వెదురు గొట్టములోని సరకునకు దాయాదియే.

ఆయిలును వడగట్టు ఉపాయము తరువాత వచ్చెను. 1923లో అమెరికాలో స్వీట్‌లాండు, గ్రీన్‌హాల్గు అను ఇరువురు మోటారు ఇంజనునకు ఆయిలు ఫిల్టరును కల్పించిరి. అది యింజనునకు అమర్చిన ఇసుక తూము వంటిది. కాని తూము మడ్డిని ఏటిలోనికి త్రోసివేయును. ఫిల్టరు తన కడుపులోనే దాచుకొనును. కడుపు నిండిన తరువాత దానిని మార్చక తప్పదు.

మన దేశమున ట్రాక్టరుల తయారీ 1959లో ఫరీదాబాదునందు ఐషర్ కంపెనీతో మొదలయ్యెను. 1974లో పంజాబునుండి, మన ఇంజనీర్లే రూపొందించిన స్వరాజ్ ట్రాక్టరు వచ్చెను. బెంగుళూరులో 1967లో స్థాపితమైన వి.ఎస్.టి. సంస్థ జపానువారి సహకారముతో పవర్ టిల్లర్లను చేసెను. అదే 1967లో నాగార్జునసాగరము నుండి కాలువలకు నీరు వదలిరి. స్వల్పకాలములో పండు వరి వంగడములు వచ్చినవి. ఒక పంటకును మరియొక పంటకును నడుమ గడువు తగ్గెను. ఎద్దులతో దున్ని దమ్ముచేయుటకు దినములు చాలవాయెను. పెద్ద ట్రాక్టరు దిగలేని చిన్న మడులకు, లంకలలోని అరటి, పసుపు తోటలకు, సాళ్ల నడుమ సేద్యమునకు ఇరువది ముప్పది అశ్వశక్తి లోపు చిన్న ట్రాక్టరు అనుకూలమైనది.

ఇచ్చటనే యొక మార్పు జరిగెను. బండి కందెన ఇంటి విద్యగా నుండెను. ట్రాక్టరు ఆయిలు పట్టణపు విద్య యాయెను. 1960ల దశకమున విజయవాడలో ఆటోనగరు ఏర్పడెను. అచ్చటి పనివారి నేర్పు గొప్పది; దానిని నేను తక్కువ చేయుట లేదు. కాని కడ్డీ తీసి ఆయిలు చూచుటకు కూడ మెకానిక్కు రావలెనని కూర్చుండుట మన ముత్తాతలు ఎరుగని సోమరితనము.

దాని ఫలితము నే నెరిగిన దివిసీమ గ్రామములో కనబడెను. ఒక సన్నకారు రైతు బ్యాంకు ఋణముపై చిన్న ట్రాక్టరు కొనెను. వేసవి దుమ్ములో తోలకములు తోలునప్పుడు గాలి ఫిల్టరు చినిగెను. డ్రైవరు దానిని తీసివేసి, ఫిల్టరు లేకయే నెలరోజులు నడిపెను. బయటికి ఏమియు తెలియలేదు. లోపల సన్నని ఇసుక ఆకురాయి వలె సిలిండరును, రింగులను అరగదీసెను. దమ్ము చక్రములు వేసి మడిలో దింపిన నాడు బండికి బలము చాలదాయె. పొగ మాత్రము మెండాయె. ఇంజను విప్పి బాగుచేయించు లోపల కాలువ వంతు దాటిపోయెను, నారు ముదిరెను. పోయినది కొద్ది వెల గల ఫిల్టరు కాదు, ఒక పంట.

ఏయే పనులు ఇంటనే చేసికొనవచ్చునో క్లుప్తముగా చెప్పెదను. ఏ బండికి ఆ కంపెనీవారి పుస్తకమే ప్రమాణము. నేను చెప్పునది సాధారణ రీతి.

మొదటిది గాలి. దుమ్ము పనిలో ప్రతిదినము గాలి ఫిల్టరును చూడవలెను. ఆయిలు గిన్నె రకమైనచో, గిన్నెలోని బురదను పారబోసి, డీజిలుతో కడిగి, గుర్తు వరకు క్రొత్త ఆయిలు పోయవలెను. కాగితపు రకమైనచో దానిని నీట కడుగరాదు, నేలకేసి కొట్టరాదు. మెల్లగా తట్టి, లోపలి నుండి వెలుపలికి తక్కువ వత్తిడితో గాలి కొట్టవలెను. లోపలి చిన్న ఫిల్టరు ఉన్నచో దానిని శుభ్రము చేయ ప్రయత్నింపక, గడువునకు మార్చుటయే మేలు.

రెండవది ఇంజను ఆయిలు. క్రొత్త బండికి మొదటి 50 గంటలకు, పిమ్మట సుమారు 250 గంటలకు ఒకమారు ఆయిలును, ఫిల్టరును కలిపి మార్చుదురు. గంటల మీటరు ఇందుకే పెట్టబడినది. ఇంజను గోరువెచ్చగా నున్నప్పుడు ఆయిలు దింపినచో మడ్డి కూడ దానితో దిగిపోవును. క్రొత్త ఫిల్టరు రబ్బరు వలయమునకు కొంచెము ఆయిలు రాచి చేతితోనే బిగింపవలెను. పానాతో బిగించినచో వలయము నలిగి కారును. ఆయిలు పోసి, ఇంజనును నిదానముగా ఒక నిమిషము నడిపి, ఆపి, కొంతసేపు తాళి, బండి సమతలమున నుండగా కడ్డీతో కొలువవలెను. రెండు గుర్తుల నడుమ నుండవలెను; ఎక్కువయు హానియే. ఆయిలు నల్లబడుట దోషము కాదు. మసిని తనలో నిలుపుకొనుట దాని ధర్మము. పాలవలె తెల్లబడినచో మాత్రము నీరు చేరినదని యెరిగి వెంటనే ఆపవలెను.

మూడవది డీజిలు. సాయంకాలము టాంకు నింపి యుంచినచో రాత్రి చెమ్మ లోపల నీరుగా మారదు. ఫిల్టరు అడుగున చేరిన నీటిని అప్పుడప్పుడు వదలవలెను. ఫిల్టరు మార్చిన పిమ్మట గాలి మర సడలించి, చేతి పంపు కొట్టి, బుడగలు ఆగువరకు గాలి తీయవలెను.

నాలుగవది గేరు పెట్టె. పెక్కు చిన్న ట్రాక్టరులలో గేర్లకును, పనిముట్టును ఎత్తు హైడ్రాలిక్కునకును ఒకే ఆయిలు. దమ్ములో ఇరుసులు మునుగునట్లు నడచు మన డెల్టా బండ్లకు సీళ్ల గుండ నీరు చేరు భయము ఇతర సీమల బండ్ల కంటె ఎక్కువ. కావున దమ్ము ముగిసిన వెంటనే ఆ ఆయిలు రంగు చూచుటయు, గ్రీజు పెట్టుచోట్ల బురద తుడిచి పాత గ్రీజు వెలికి వచ్చువరకు క్రొత్తది పెట్టుటయు మన ప్రత్యేక విధి.

ఐదవది రేడియేటరు. వేడిగా నున్నప్పుడు మూత తీయరాదు. పలువురు ముఖములు కాల్చుకొనిరి. వట్టి కాలువనీరు పోసినచో పొలుసు కట్టును. కంపెనీవారు చెప్పిన ద్రవమునే వాడవలెను. ముందరి జల్లెడలో చిక్కిన గడ్డిని, పొట్టును దినదినము దులుపవలెను. డీజిలు పంపును, ఇంజెక్టర్లను, హైడ్రాలిక్కు పంపును మాత్రము తాకరాదు. అవి నేర్పరుల పని. తన హద్దు తా నెరుగుటయు విద్యలో భాగమే.

ఈ విద్య నేర్పుటకై మధ్యప్రదేశమున బుధ్నిలో 1955 నుండియు, మన రాష్ట్రమున అనంతపురము జిల్లా గార్లదిన్నెలో 1983 నుండియు కేంద్ర ప్రభుత్వ శిక్షణాలయములు నడచుచున్నవి. మీ గ్రామమునుండి ఒక్క యువకుని పంపినను ఊరంతయు బాగుపడును.

దింపిన పాత ఆయిలును ఏమి చేయవలెను? ఇది మన డెల్టాకు ముఖ్యమైన ప్రశ్న. మన గ్రామములు పెక్కింటికి త్రాగునీటి చెరువును నింపునది కాలువయే. మీ బోదెలో పారబోసిన నల్లని ఆయిలు దిగువ యూరి కుండలోనికి చేరును. 2016 నాటి ప్రమాదకర వ్యర్థముల నియమములు దీనిని ప్రమాదకరముగానే పేర్కొన్నవి. డబ్బాలో పోసి, మూత బిగించి, అనుమతి గల సేకరణదారునకు చేరు మార్గము చూడవలెను. ఎగువవాని శుభ్రతయే దిగువవాని ఆరోగ్యము. కాలువ మనకు మొదటినుండియు నేర్పిన నీతి ఇదియే.

చివరి మాట లెక్కను గూర్చి. అడంగలు, చిట్టా వ్రాసిన సీమ మనది. కరణీకములు 1984లో రద్దయినవి; లెక్క వ్రాయు అలవాటు రద్దు కానక్కరలేదు. ఒక చిన్న పుస్తకమున తేదీ, గంటల మీటరు అంకె, మార్చిన వస్తువు, దాని వెల వ్రాసి, కొన్న బిల్లును అందే యుంచుడు. గ్యారంటీ తగవు వచ్చినను, బండి అమ్మవలసి వచ్చినను ఆ పుస్తకమే మీ సాక్షి. పానా పట్టు బలము మీకు లేకపోవచ్చును. కండ్లజోడు పెట్టుకొని గంటల మీటరు చదివి, "అబ్బాయీ, ఆయిలు మార్చు వేళయైనది" అని మనుమనితో చెప్పు అధికారము మాత్రము మీదే.