బాగాయత్: మన ప్రాంతపు పేరులో నిలిచిన సేద్యం

ఆలయ ప్రతిష్ఠా మహోత్సవాలలో అంకురార్పణకు గల ప్రాధాన్యం భక్తులందరికీ విదితమే. మట్టి నింపిన పాలికలలో నవధాన్యాలు చల్లి, మొలకలు వచ్చేదాకా వాటిని భద్రంగా కాపాడుతారు. దేవకార్యానికి సైతం విత్తనమే మొదలు. ఆ విత్తనాన్ని నమ్ముకుని బ్రతికిన మన హబ్సిగూడ పరిసరాల గతాన్ని ఈ శుభ సందర్భంలో స్మరించుకొనుట సముచితము.

హబ్సీల పేరు మీదుగా హబ్సిగూడ వెలసినదన్న మాట చాలామంది ఎరుగుదురు. పొరుగుననే ఉన్న ఉప్పల్ బాగాయత్ పేరును విచారించినవారు మాత్రం తక్కువ. నిజాం కాలపు రెవెన్యూ లెక్కలలో మెట్ట ‘ఖుష్కి’, మాగాణి ‘తరి’, తోటభూమి ‘బాగాయత్’. అనగా మూసీ ఒడ్డున తోటలు సాగిన నేల అది.

ఈ సేద్యానికి ప్రాణాధారం చెరువులు. నాచారం, రామంతాపూర్ చెరువులు, ఉప్పల్ నల్లచెరువు ఆ కోవలోనివే. తూము తీసి, నీటిని వంతులవారీగా పారించే బాధ్యత నీరటికానిది. వేసవిలో చెరువు ఒండ్రును బండ్లమీద పొలాలకు తోలేవారు. దానితో చెరువు లోతూ నిలిచేది, చేనుకు సత్తువా చేరేది. మెట్టచేలలో జొన్నతో కందిని కలిపి వేసేవారు. జొన్న ముందుగా కోతకు వచ్చేది. వెనుక నిలిచిన కంది వేళ్లతో, రాల్చిన ఆకులతో నేలకు బలమిచ్చేది. చిన్న కమతాల రైతు ఎరువు కోసం అప్పు చేయవలసిన అగత్యం అంతగా లేని పద్ధతి అది. కట్టమైసమ్మకు బోనమెత్తిన చేతులే ఆ నాట్లూ వేశాయి.

1961లో భూభౌతిక పరిశోధన సంస్థ ఏర్పడింది. నాచారంలో కర్మాగారాలు, చుట్టూ కాలనీలు వెలిశాయి. 2019లో హెచ్.ఎం.డి.ఏ. ఉప్పల్ బాగాయత్ ప్లాట్లను వేలం వేసింది. కొన్నవారిలో ఆ మాటకు అర్థం ఎందరు అడిగారో!

అయినా సేద్యం పూర్తిగా పోలేదు. నగరపు మురుగు మూసీలో కలిసిన కొద్దీ, దిగువన పీర్జాదిగూడ, పర్వతాపూర్, కొర్రెముల, ప్రతాపసింగారం వైపు రైతులు అనేకులు ఆ నీటిని తట్టుకునే పారాగడ్డికి మళ్లారు. ఏడాది పొడవునా కోతకు వచ్చే ఆ గడ్డి మోపులు నగరంలోని పశువుల కొట్టాలకు చేరాయి. మురుగులో నిలబడి కోసినవారికి చర్మబాధలు తప్పలేదు. మనం అభిషేకానికి సమర్పించిన పాలలో వారి కష్టం ఎంత ఉన్నదో ఎవరు చెప్పగలరు?