రుణ సేవా హక్కు: అనంతపురం మెట్టనేలలో దాని విలువ, లెక్క

రుణ సేవా హక్కు అంటే ఒకరికి చెందిన అప్పును మరొకరు వసూలు చేసిపెట్టి, అందుకు రుసుము తీసుకునే హక్కు. అప్పు ఇచ్చిన సంస్థ తన అప్పుల కట్టను వేరే బ్యాంకుకు అమ్మేసిన తర్వాత కూడా కంతులు వసూలు చేయడం, రసీదులివ్వడం, బాకీ పడినవారి ఇంటికి వెళ్లడం, వచ్చిన డబ్బు కొన్నవారికి జమచేయడం వంటి పనులను తన దగ్గరే ఉంచుకోవచ్చు. ఆ పనికి వచ్చే రుసుము తగినంత కన్నా ఎక్కువగా ఉంటే అది ఆస్తి. చాలకపోతే అది అప్పులాంటి భారం. అమెరికా ఇళ్ల రుణాల మార్కెట్లో పెరిగిన ఈ లెక్క తెలుగునాట గట్టిగా పరీక్షకు నిలిచింది మాత్రం మహిళల చిన్న అప్పుల్లోనే. ఏడాదికి సగటున సుమారు 550 మిల్లీమీటర్ల వానే పడే అనంతపురం పీఠభూమిలో ఆ పరీక్ష ఇంకా కఠినం.

విలువ కట్టే పద్ధతి

అమెరికాలో ప్రభుత్వ అండగల సంస్థలు కొనే స్థిరవడ్డీ ఇళ్ల రుణాలపై సేవా రుసుము మామూలుగా ఏడాదికి మిగిలిన అసలులో 0.25 శాతం. రుణం బతికున్నంత కాలం వచ్చే ఈ రుసుమును అంచనా వేసి, ఖర్చులు తీసేసి, మిగిలినదాన్ని తగిన వడ్డీరేటుతో నేటి విలువకు తగ్గిస్తారు. అక్కడ పెద్ద భయం ముందస్తు చెల్లింపు. మార్కెట్లో వడ్డీలు తగ్గితే జనం కొత్త రుణం తెచ్చి పాతది తీర్చేస్తారు, రుసుము ఆగిపోతుంది. అందుకే వడ్డీలు పెరిగితే ఈ హక్కు విలువ పెరుగుతుంది, తగ్గితే పడిపోతుంది. ఈ హక్కును ఏటేటా మార్కెట్ విలువకు సరిచేసుకోవాలా, కాలక్రమంలో తరుగు వేసుకోవాలా అన్నది సంస్థే ఎంచుకునే వీలును 2006లో అక్కడి లెక్కల ప్రమాణాల మండలి ఇచ్చింది.

భారతదేశంలో ఈ విషయం ఇండ్ ఏఎస్ 109 ప్రమాణం కిందికి వస్తుంది. బ్యాంకులకు దాని అమలును రిజర్వు బ్యాంకు 2019లో నిరవధికంగా వాయిదా వేసింది కానీ, పెద్ద బ్యాంకేతర ఫైనాన్స్ సంస్థలు 2018 ఏప్రిల్ నుంచి పాటిస్తున్నాయి. అప్పును పూర్తిగా అమ్మి పుస్తకాల నుంచి తీసేసినప్పుడు, వసూలు పని తనవద్దే ఉంటే సేవా ఆస్తినో సేవా భారాన్నో రాసుకోవాలి. రుసుము తగినంతా కాదా అని తేల్చడానికి సొంత ఖర్చు కొలత కాదు. ఆ పని చేసిపెట్టమంటే బయటివాడు ఎంత అడుగుతాడన్నదే కొలత. అప్పుగ్రహీత కట్టే వడ్డీకీ, కొన్న బ్యాంకుకు ఒప్పుకున్న వడ్డీకీ మధ్య మిగులును విడిగా లెక్కగడతారు. సేవా రుసుమును, ఈ మిగులును ఒకటిగా చూస్తే లాభం ఉన్నదానికన్నా ఎక్కువగా కనిపిస్తుంది.

తెలుగునాట తొలి అనుభవం

2004లో హైదరాబాదుకు చెందిన షేర్ మైక్రోఫిన్ తన చిన్న రుణాల కట్టను ఐసీఐసీఐ బ్యాంకుకు అమ్మింది. సూక్ష్మరుణాల రంగంలో ప్రపంచంలోనే తొలి అమ్మకాల్లో ఒకటిగా దాన్ని చెబుతారు. అప్పులు బ్యాంకువయ్యాయి, వసూలు మాత్రం షేర్ సిబ్బందిదే. ఈ తరహా ఒప్పందాల్లో కొనే బ్యాంకు నిజంగా నమ్మింది అప్పుగ్రహీతల ఆస్తిని కాదు, ఎందుకంటే తాకట్టు ఏమీ లేదు. వారం వారం ఊళ్లోకి వెళ్లి చాపమీద కూర్చుని డబ్బు లెక్కపెట్టే మనిషిని నమ్మింది.

ఆ నమ్మకం 2010లో తెగింది. వసూళ్ల ఒత్తిడి వల్ల ఆత్మహత్యలు జరిగాయన్న ఆరోపణల నడుమ అక్టోబరు 15న ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సూక్ష్మరుణ సంస్థలపై ఆర్డినెన్సు తెచ్చింది. 2011లో అది చట్టమైంది. వారపు కంతులు పోయి నెలవారీ కంతులు వచ్చాయి. ఇంటిముందు వసూలు కుదరదని, పంచాయతీ కార్యాలయంలోనో ప్రకటించిన బహిరంగ స్థలంలోనో చేయాలని నియమం పెట్టారు. రాష్ట్రంలో వసూళ్లు కుప్పకూలాయి. షేర్, స్పందన, అస్మిత వంటి సంస్థలు తమ సొంత బ్యాంకు అప్పుల పునర్వ్యవస్థీకరణకు వెళ్లాల్సి వచ్చింది. సేవా హక్కు విలువను నిలబెట్టేది ఊళ్లో అడుగుపెట్టగల అర్హత. అది చట్టంతో గానీ, పోగొట్టుకున్న మర్యాదతో గానీ ఒక్క వారంలో సున్నా కాగలదు. ఆ మర్యాదను అప్పటిదాకా ఏ లెక్కల పట్టికా కొలవలేదు.

వాన లెక్క

అనంతపురం, శ్రీ సత్యసాయి జిల్లాల మెట్టనేలలో చిరకాలంగా ప్రధాన వానకాలపు పంట శెనక్కాయ. జూన్, జులైలో విత్తి అక్టోబరు, నవంబరులో పీకుతారు. ఆదాయం ఏడాదికి ఒక్కసారి, అదీ విత్తిన తర్వాత వాన సరైన వరుసలో పడితే. ఇలాంటి చోట వారపు కంతు, నెలవారీ కంతు కూలి డబ్బుతోనో బెంగళూరు వలస డబ్బుతోనో కట్టాల్సిందే. అమెరికా నమూనాలో భయమంతా జనం త్వరగా కట్టేస్తారని. ఇక్కడ భయం దానికి పూర్తిగా ఎదురు: కట్టలేకపోతారని, వసూలుకు మనిషి రెండు మూడు సార్లు తిరగాల్సి వస్తుందని.

ఊహించిన ఒక ఉదాహరణతో చూద్దాం. రెండేళ్లలో సమంగా తీరిపోయే 10 కోట్ల రూపాయల అప్పుల కట్ట, సేవా రుసుము మిగిలిన అసలుపై ఏడాదికి 1 శాతం. సగటు అసలు మొదటి ఏడు 7.5 కోట్లు, రెండో ఏడు 2.5 కోట్లు. కాబట్టి రుసుము 7.5 లక్షలు, 2.5 లక్షలు. ఊళ్లు తిరిగే ఖర్చు ఏడాదికి 2 లక్షలనుకుంటే మిగిలేది 5.5 లక్షలు, 50 వేలు. ఏడాది చివరికి లెక్కగట్టి 14 శాతంతో తగ్గిస్తే నేటి విలువ దాదాపు 5.2 లక్షలు. మొదటి ఏడే వాన ముఖం చాటేసి తిరుగుడు ఖర్చు రెండేళ్లూ రెండింతలైతే అదే హక్కు విలువ సుమారు 1.9 లక్షలకు దిగుతుంది. రుసుము పూర్తిగా ఆగి, ఆ రెండింతల తిరుగుడు మాత్రం తప్పకపోతే సుమారు 6.6 లక్షల భారంగా మారుతుంది. ఇందులో చూడవలసింది రెండో ఏటి లెక్క. అసలు తగ్గినకొద్దీ రుసుము తగ్గుతుంది, ఇంటిగడప లెక్కన అయ్యే ఖర్చు తగ్గదు. చిన్న అప్పుల్లో చివరి కంతులెప్పుడూ ఖరీదైనవే.

బయటివాడి కూలి కొలత ఇక్కడే తప్పుదారి పట్టిస్తుంది. మడకశిర వైపో రాయదుర్గం వైపో పల్లెల్లో ఎవరింట్లో పెళ్లి ఉంది, ఎవరు వలసపోయి ఎప్పుడొస్తారు, ఎవరి బోరు ఎండింది అన్నది తెలిసిన మనిషి ఒక్కసారి వెళ్లి తెచ్చేదాన్ని, తెలియనివాడు నాలుగుసార్లు వెళ్లినా తేలేడు. మదింపు చేసేవారు రాష్ట్రానికంతా ఒకే ఖర్చురేటు వేయడం ఈ మెట్టనేలకు సరిపోదు.

రాయని కూలి

1992లో నాబార్డు మొదలుపెట్టిన స్వయం సహాయక సంఘాల బ్యాంకు అనుసంధానం, 2000లో అనంతపురంతో కలిపి ఆరు జిల్లాల్లో మొదలైన పేదరిక నిర్మూలన పథకం వెలుగు ఈ పనిని ఇంకో దారిలో నడిపాయి. బ్యాంకు అప్పు సంఘానికి ఇస్తుంది. సభ్యుల దగ్గర వసూలు చేసేది, పుస్తకం రాయించేది, బ్యాంకుకు నడిచివెళ్లి కట్టేది సంఘం లీడర్లు. ఒక సభ్యురాలు కట్టలేని నెల మిగతావారే సర్దుతారు. రుణ సేవ అన్నమాటకు ఉన్న పనులన్నీ వాళ్లే చేస్తున్నారు. ఆ సేవకు బ్యాంకు పుస్తకాల్లో ఎక్కడా విలువ లేదు, చేసిన చేతికి రుసుమూ లేదు. బ్యాంకుకు వసూలు ఖర్చు తక్కువగా కనిపిస్తున్నదంటే ఆ ఖర్చు లేదని కాదు, కూలి మానుకుని బ్యాంకు గుమ్మంలో నిలబడ్డ ఆడవాళ్లు దాన్ని మోస్తున్నారని. సేవా హక్కుల లెక్కలోని తగిన రుసుము అన్న కొలతనే నిజాయతీగా వాడితే, ఈ పనికి ధర కట్టి సంఘాలకు చెల్లించడం న్యాయం.

పంట రుణాలు

పంట రుణాలను బ్యాంకులు సాధారణంగా అమ్మవు, తామే ఉంచుకుని తామే వసూలు చేసుకుంటాయి. ఇక్కడ అలాంటి బ్యాంకుల్లో ఒకటి, 1979లో సిండికేట్ బ్యాంకు ప్రాయోజకత్వంతో ఏర్పడిన శ్రీ అనంత గ్రామీణ బ్యాంకు, 2006లో ఆంధ్ర ప్రగతి గ్రామీణ బ్యాంకులో, అది 2025 మే 1న ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులో కలిసింది. పంట రుణాల పుస్తకాల్లో కనిపించే ముందస్తు చెల్లింపు చాలాసార్లు చెల్లింపే కాదు. పాత రుణం కట్టి వెంటనే కొత్తది తీసుకోవడాన్ని ఊళ్లో తిరగరాయడం అంటారు. మధ్యలో ఒకటి రెండు రోజులకు వడ్డీ వ్యాపారి దగ్గర చేబదులు తెచ్చే రైతులూ ఉన్నారు. కాగితంమీద అప్పు తీరింది, రైతు మీద అలాగే ఉంది. చెల్లింపుల వేగాన్ని బట్టి విలువ కట్టే ఏ నమూనా అయినా దీన్ని పట్టుకోకపోతే మోసపోతుంది.

స్వల్పకాలిక పంట రుణం రెండు పంటకాలాలు బకాయి పడితేనే మొండి బాకీ అవుతుంది. కరువు ప్రకటించిన చోట పంట నష్టం 33 శాతం దాటితే 2 ఏళ్ల వరకు, 50 శాతం దాటితే 5 ఏళ్ల వరకు గడువు పెంచవచ్చని రిజర్వు బ్యాంకు 2018 ఆదేశాలు చెప్పాయి. అలా గడువు మారిన రుణం మంచి ఆస్తిగానే కొనసాగుతుంది. రుణం వేరొకరికి అమ్ముడై ఉంటే మాత్రం వసూలు చేసేవాడు తన ఇష్టానికి గడువు పెంచలేడు, కొన్నవారి అంగీకారం కావాలి.

అప్పు నుంచి ఒక హక్కును విడదీసి అమ్మడం మరో రూపంలో ఈ ప్రాంతానికి మేలే చేసింది. 2016లో రిజర్వు బ్యాంకు ప్రాధాన్యరంగ రుణ పత్రాలను ప్రవేశపెట్టింది. సన్నకారు రైతులకు లక్ష్యాన్ని మించి అప్పులిచ్చిన బ్యాంకు, ఆ మించిన మేర ఘనతను మాత్రమే లక్ష్యం చేరుకోని బ్యాంకుకు అమ్ముతుంది. రుణం, రిస్కు, వసూలు ఏవీ చేతులు మారవు. పత్రం గడువు మార్చి 31తో ముగుస్తుంది. అమ్మినవారు వచ్చిన రుసుమును ఇతర ఆదాయంగా, కొన్నవారు ఖర్చుగా రాసుకుంటారు. సన్నకారు రైతులకు ఎక్కువగా అప్పులిచ్చే గ్రామీణ బ్యాంకులు ఈ పత్రాల అమ్మకందారుల్లో ముఖ్యమైనవి.